సొంత సినిమాకు పూలదండ... సొంత పుస్తకానికి మూతివిరుపా?

హీరోగారు సొంత బ్యానరు మీద సినిమా తీస్తున్నారని వార్త వస్తే మనమేం చేస్తాం? "గుండె అంటే అదీ!" అంటాం. 1974లో కృష్ణ సొంత పద్మాలయా పతాకం మీద తన నూరో చిత్రంగా 'అల్లూరి సీతారామరాజు' తీస్తే సాహసం అన్నాం. 1977లో రామారావు సొంత డబ్బు పెట్టి, తానే దర్శకత్వం వహించి, తానే మూడు వేషాలు కట్టి 'దానవీరశూరకర్ణ' విడుదల చేస్తే హాళ్ల ముందు తోరణాలు కట్టాం. అంతకు చాలా ముందే భానుమతి భరణీ పతాకం మీద 1953లో 'చండీరాణి'ని స్వయంగా డైరెక్టు చేస్తే ఆడదానికి అంత తెగువా అని ముక్కున వేలేసుకున్నవాళ్లు కూడా టిక్కెట్టు కొని చూశారు. వీళ్లలో ఎవరినైనా "పాపం, ఇంకెవరూ తీయలేదు కాబోలు, తన సినిమా తనే తీసుకుంది" అన్నామా? అనలేదు!

అదే ఒక రచయిత తన కథల్ని తన డబ్బుతో అచ్చు వేయించుకొని తెచ్చి మన చేతిలో పెట్టాడనుకోండి. పుస్తకం తిప్పి వెనకట్ట చూస్తాం. ప్రచురణకర్త పేరు దగ్గర ఆయన భార్య పేరో, కూతురి పేరో కనిపిస్తుంది. "ఓహో, సొంతంగా వేసుకున్నారా?" అంటాం. ఆ 'ఓహో'లోనే ఉంది తంతు అంతా! ఇక లోపలి పేజీలతో పనిలేదు. తీర్పు వచ్చేసింది.

సినిమాకు ఒక న్యాయం, పుస్తకానికి ఒక న్యాయం... ఎందుకిలా? ఈ ప్రశ్న నాకై నాకు తట్టింది కాదు. బుక్కరాయసముద్రంలో ఒక పెద్దాయన నన్ను నిలదీసి అడిగింది.

బోరా? పుస్తకమా?

బుక్కరాయసముద్రం అంటే అనంతపురాన్ని ఆనుకొని ఉన్న ఊరు. మావాళ్ల నోట్లో బి.కె. సముద్రం. పేరులో సముద్రం ఉందిగానీ, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే కరువు సీమ ఇది. విజయనగర రాజుల కాలంలో, బుక్కరాయల పేరు మీద తవ్వించిన పెద్ద చెరువే ఊరికి ఆ పేరు తెచ్చింది. చెరువు కట్టను ముసలమ్మ కట్ట అంటారు. ఆ ముసలమ్మ కథ కాస్త తరవాత చెప్తాను. దానికీ మన ప్రశ్నకూ చుట్టరికం ఉంది.

ఆ ఊళ్లో ఒక రిటైర్డు తెలుగు అయ్యవారున్నారు. పేరు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. పన్నెండేళ్ల కిందట తన కథల్ని 500 కాపీలు వేయించారు. ఇప్పటికీ 300 పైచిలుకు మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఈలోగా ఒక నవల రాశారు. చేతికొచ్చిన డబ్బు కొంత మిగిలి ఉంది. అయ్యవారి భార్య మాత్రం సూటిగా అడిగిందట: "చేనికాడ బోరు వేయిస్తావా? మళ్లా పుస్తకం వేయిస్తావా? రెంట్లో ఏందో ఒకటి తేల్చు."

నేను వెళ్లింది చెరువు మీద వ్యాసం రాద్దామని. కాఫీ తాగే లోపలే అయ్యవారు పంచాయితీ నా ముందు పెట్టారు.

"చూడప్పా! మా పక్కన బోరు వేయించుకున్నోణ్ణి ఎవురూ నవ్వరు. ఒకటి ఎండిపోతే ఇంకోటి వేస్తాడు. అదీ పోతే మూడోది వేస్తాడు. అప్పులపాలైనా సరే, అయ్యో పాపం అంటారు. పుస్తకం వేయించుకున్నోణ్ణి మాత్రం నవ్వుతారు. నా పుస్తకం బాగలేదని ఇంతవరకూ ఒక్కరూ అనలా. చదివితే కదా అనేదానికి! చూస్తానే పక్కన పెడతారు. ఎందుకంటావ్?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. "సార్, ముందు ఆ పుస్తకం ఇవ్వండి" అన్నాను.

చూస్తూనే పట్టేస్తారు!

సొంత అచ్చు పుస్తకాన్ని దూరం నుంచే గుర్తుపట్టే విద్య ఒకటుంది. పుస్తకాల షాపులో కౌంటరు మీద పదేళ్లు కూచున్న కుర్రాణ్ణి అడగండి, చిటికెలో చెప్తాడు.

ముఖచిత్రం మీద ఉదయించే సూర్యుడు, ఎగిరే పావురం, విరిగిన సంకెళ్లు... మూడూ ఒకేచోట. లోపల మొదటి పేజీలో శాలువా కప్పుకున్న రచయిత నిలువెత్తు ఫొటో. ఆ వెనక ఐదుగురి ముందుమాటలు. వాటిలో ముగ్గురు పుస్తకం గురించి కాక రచయిత మంచితనం గురించి రాస్తారు. ఒకరు తన గురించి తాను రాసుకుంటారు. ఆపైన కృతజ్ఞతలు రెండు పేజీలు. అంకితం ఏ అధికారికో. వెల దగ్గర 'అమూల్యం' అనే మాట! పుస్తకం బీరువాలో నిలబెడితే వీపు మీద పేరుండదు. అక్షరాలు ఒక పేజీలో నల్లగా, ఇంకో పేజీలో వెలిసిపోయినట్టు ఉంటాయి. అచ్చుతప్పుల సంగతి సరేసరి. 'కల' ఉండవలసిన చోట 'కాల' ఉంటుంది. 'మనసు' ఉండవలసిన చోట 'మనుసు' ఉంటుంది.

అయ్యవారి పుస్తకంలో వీటిలో సగానికి సగం ఉన్నాయి. అయినా చదివాను. మూడో కథ శెనక్కాయల తూకం మీద. దళారి కాటా దగ్గర నిలబడిన రైతు నోరు తెరిచి ఒక్కమాట అనడు. అయినా చదువుతుంటే మనకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. మంచి కథ! ఏ పెద్ద పత్రికలోనైనా వేసుకోదగ్గ కథ. కానీ అదే కథలో రైతు కొడుకు పేరు మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. కథ అయిపోయాక కూడా ఒకటిన్నర పేజీ నీతిబోధ. ఎవరైనా ఒక్కరు, పెన్సిలు పట్టుకొని ఒక్కసారి చదివుంటే ఈ రెండూ పోయేవి.

అదే చెప్పాను ఆయనకు. ఆయన నొచ్చుకోలేదు. "చెప్పేవాడేడప్పా? ముందుమాట రాసిచ్చినోళ్లందరూ బాగుందనే రాసిరి" అన్నారు. తరవాత ఆయనే నవ్వి, "ముందుమాట రాసేటోళ్లు మా ఊళ్లో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నీళ్లు చూసేటోళ్ల లాంటోళ్లు. కాయ లేచి నిలబడితే నీళ్లున్నట్టే. బోరు వేసినాక నీళ్లు పడకపోతే కాయోడు మళ్లా కనపడడు!" అన్నారు.

ముసలమ్మకు ఎవరిచ్చారు సర్టిఫికెట్టు?

పెద్ద సంస్థ వేసిందే మంచి పుస్తకం అనే లెక్క నిజమైతే, తెలుగు సాహిత్యంలో సగం బీరువా ఖాళీ చేయాలి. దూరం పోనక్కర్లేదు, ఈ ఊరి చెరువు కట్ట దగ్గరే మొదలుపెడదాం.

చెరువు తెగిపోయే వేళ, ఊరిని కాపాడటానికి బసిరెడ్డి కోడలు ముసలమ్మ గండిలోకి నడిచి వెళ్లి ప్రాణమిచ్చిందని కథ. ఊళ్లో ఆడవాళ్లు పాడుకున్న కథ అది, తరతరాలుగా నోటి మీద నిలిచిన కథ. అచ్చు లేదు, ప్రచురణకర్త లేడు. అనంతపురం చరిత్రను వెలికితీసి అచ్చువేయించింది సి.పి. బ్రౌన్ దొర. 1853లో ఆయన ఇంగ్లీషు అనువాదం కూడా మద్రాసులో వచ్చింది. ఇక 1899లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకుంటున్న ఒక కుర్రాడు కాలేజీ తెలుగు సమాజం పెట్టిన పోటీకి ముసలమ్మ కథను కావ్యంగా రాసి బహుమతి కొట్టాడు. ఆ కుర్రాడే కట్టమంచి రామలింగారెడ్డి, తరవాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మొదటి వైస్ ఛాన్సలరు. ఆ కావ్యమే 'ముసలమ్మ మరణము'. ఆధునిక తెలుగు కవిత్వానికి అదే తొలి అడుగు అనేవాళ్లు నేటికీ ఉన్నారు. గమనించండి, దానికి యోగ్యత తెచ్చింది పెద్ద కంపెనీ ముద్ర కాదు. ఒక కాలేజీ పోటీ!

బ్రౌన్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉందని చెప్పుకునే వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించింది ఆయనే. కడపలో ఉన్నప్పుడు సొంత జీతంలోంచి డబ్బు పెట్టి పండితులను నియమించి తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. ఒక కావ్యానికి ఒక్క ప్రతి దొరికితే సరిపెట్టుకోలేదు. నాలుగైదు ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, ఏది సరైన పాఠమో పండితుల చేత తేల్పించేవాడు. ఆయన ఖర్చు చేసింది సొంత డబ్బే, కానీ పనిని ఒంటరిగా చేయలేదు! ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఈ అనంతపురంలోనే 1930ల చివర విద్వాన్ విశ్వం, తరిమెల నాగిరెడ్డి వంటి కుర్రకారు కలిసి 'నవ్య సాహిత్యమాల' అని పెట్టి పుస్తకాలు వేశారు. లాభాల కోసం పెట్టిన కంపెనీ కాదది. యుద్ధం మన బతుకుల మీద పడేసే భారం గురించి నాగిరెడ్డి రాసిన చిన్న పుస్తకం 1940లో ఆయన్ను జైలుకు పంపింది. తెల్లదొరలు ఆ పుస్తకం మీద ఎవరి ముద్ర ఉందని చూడలేదు. లోపల ఏముందో చదివారు. ఒక్కోసారి మనకన్నా పోలీసువాళ్లే శ్రద్ధగల పాఠకులేమో!

యోగ్యతాపత్రం కథ

శ్రీశ్రీ అంటే మీకు ముందుగా సినిమా పాటలే గుర్తొస్తాయి. 'అల్లూరి సీతారామరాజు'లో పాటకు జాతీయ అవార్డు అందుకున్న కవి కదా. ఆయన 'మహాప్రస్థానం' గీతాలు 1930ల్లో రాసినవి. చలం ఆ పుస్తకానికి 'యోగ్యతాపత్రం' అనే పేరుతో పీఠిక రాసింది 1940లో. పుస్తకం బయటికొచ్చింది ఎప్పుడనుకుంటున్నారు? 1950లో! నళినీకుమార్ పూనుకొని వేస్తేగానీ రాలేదు. యోగ్యతాపత్రం చేతిలో పెట్టుకొని పదేళ్లు అచ్చు కోసం ఆగిన కవిత్వం అది. ఆ పదేళ్లూ దాని యోగ్యత తక్కువగా ఉందనీ, 1950లో ఒక్కసారిగా పెరిగిందనీ ఎవరైనా అంటారా?

దిగంబర కవులు మరీ తెగించారు. 1965, 1966, 1968ల్లో మూడు సంపుటాలు తమంతట తామే తెచ్చారు. హైదరాబాదులో మొదటిదాన్ని ఒక రిక్షా కార్మికుడు, విజయవాడలో రెండోదాన్ని ఒక హోటలు కార్మికుడు, విశాఖపట్నంలో మూడోదాన్ని ఒక బిచ్చగత్తె ఆవిష్కరించారు. పూలదండలు లేవు, మంత్రిగారు లేరు. వాళ్ల కవిత్వం మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. 'సొంతంగా వేసుకున్నారులే' అని పక్కన పెట్టడం మాత్రం ఎవరి తరమూ కాలేదు.

పక్క రాష్ట్రానికి పోదాం. దేవానంద్ 'గైడ్' (1965) చూశారుగా! ఆ నవల రాసిన ఆర్.కె. నారాయణ్ పుస్తకాలు మొదట ఇంగ్లండులో అచ్చయ్యేవి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఆ దారి మూసుకుపోయింది. ఆయనేం చేశారు? మైసూరులో 'ఇండియన్ థాట్ పబ్లికేషన్స్' అని తానే పెట్టారు. 'మాల్గుడి డేస్' 1943లో ఆ ముద్రతోనే వచ్చింది. అంటే మనం టీవీలో చూసి మురిసిపోయిన మాల్గుడి కథలు మొదట సొంత అచ్చు సరుకే!

అమెరికాలో వాల్ట్ విట్మన్ 1855లో పన్నెండు కవితలతో 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' సొంత ఖర్చుతో వేసుకున్నాడు, కొన్ని పేజీలకు అక్షరాలు కూడా తానే కూర్చాడు. ఎమర్సన్ అనే పెద్దాయన మెచ్చుకుంటూ ఉత్తరం రాస్తే, మరుసటి ఏడు రెండో ముద్రణలో ఆ ఉత్తరంలోని వాక్యాన్ని, అడగనైనా అడక్కుండా, పుస్తకం వీపు మీద బంగారు అక్షరాలతో అచ్చు కొట్టించాడు. చూశారా, ముందుమాటల పిచ్చి మన దగ్గరే పుట్టింది కాదు!

తేడా ఎక్కడుంది?

"అయితే సొంతంగా వేసుకున్నవన్నీ గొప్పవేనా?" అని మీరడుగుతారు. కాదు బాబూ, కాదు. సొంతంగా వేసుకున్న పుస్తకాల్లో చాలావరకు చదవలేం. నేను చదివాను కాబట్టి చెప్తున్నాను. అయితే ఆ జబ్బు డబ్బు ఎవరిదన్న దాంట్లో లేదు. ఇక్కడే సినిమావాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది.

'దానవీరశూరకర్ణ' రామారావు సొంత సినిమా. డబ్బు ఆయనది, వేషాలు ఆయనవి, దర్శకత్వం ఆయనది. కానీ మాటలో? కొండవీటి వెంకటకవి చేత రాయించారు. నేటికీ జనం నోట నాలుగు పేజీల డైలాగు ధారాళంగా పలుకుతోందంటే అది ఆ కవి కలం మహిమ కూడా. ఎంత సొంత సినిమా అయినా కెమెరా ఒకరు పట్టాలి, సంగీతం ఒకరు కట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎడిటింగ్ గది ఒకటుంటుంది. అక్కడ చీకట్లో కూచొని "ఈ సీను పోతే సినిమా బతుకుతుంది" అనేవాడు ఒకడుంటాడు. ఆ తరవాత ప్రివ్యూ. సెన్సారు. ఇన్ని కళ్లు పడ్డాకే బొమ్మ మన ముందుకొస్తుంది.

మరి సొంత అచ్చు పుస్తకం? రాసింది ఆయనే, దిద్దింది ఆయనే, ప్రూఫు చూసింది ఆయనే, సంచిలో వేసుకొని ఊరూరా తిరిగింది ఆయనే! తన కంటికి తన తప్పు కనపడదు. అక్షరం ఎలా ఉన్నా మనసు సరిచేసుకొని చదివేస్తుంది. అంటే ఆయన సొంత బ్యానరు పెట్టుకున్నాడుగానీ ఎడిటింగ్ గది కట్టుకోలేదు. పాఠకుడు విసుక్కునేది బ్యానరు మీద కాదు, ఆ లేని గది మీద. కానీ తిట్టు మాత్రం బ్యానరుకు తగులుతుంది.

పెద్ద ప్రచురణ సంస్థ ముద్రకు విలువ వచ్చింది కూడా ఇందుకే. మన రాయలసీమ బిడ్డ బి. నాగిరెడ్డినే తీసుకోండి. మద్రాసులో బి.ఎన్.కె. ప్రెస్సు నడిపాడు, చక్రపాణితో కలిసి 1947 జూలైలో 'చందమామ' తెచ్చాడు, విజయా వారి సినిమాలు తీశాడు. తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి చేత 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) తీయించాడు. అచ్చులోనూ బొమ్మలోనూ ఆయన పేరు ఉందంటే జనం కళ్లుమూసుకొని నమ్మారు. ఎందుకంటే వెనక పదిమంది కసిగా పని చేశారని తెలుసు. ముద్ర అంటే గుణానికి హామీ అనుకుంటాంగానీ, అసలు అది 'ఇంతమంది చూశారు' అనే హామీ.

ఆ హామీ కూడా ఎప్పుడూ నిలబడుతుందని లేదు సుమండీ! 1980లో విడుదలైన 'శంకరాభరణం' సంగతి మీకు తెలుసు. ముసలి సంగీత విద్వాంసుడి కథ ఎవరు చూస్తారని పంపిణీదారులు కొనడానికి వెనకాడారు. విడుదలయ్యాక జనం ఎగబడ్డారు, జాతీయ అవార్డు వచ్చింది. గేటు దగ్గర కూచున్నవాళ్లు సరుకు చూస్తారుగానీ సరస్వతిని చూడటం అప్పుడప్పుడే జరుగుతుంది. పుస్తకాల గేటు దగ్గరా అంతే. పేరున్న రచయితకు ముందు తలుపు, సీరియలు వచ్చిన నవలకు రెండో తలుపు. ఊళ్లో కూచొని రాసుకునే అయ్యవారికి కిటికీ కూడా తెరుచుకోదు.

ఎడిటింగ్ గదిని రచయితే కట్టుకుంటే ఏమవుతుందో చెప్పే కథ ఈ మధ్య కాలంలోదే. 'ద మార్షియన్' అని 2015లో హాలీవుడ్ సినిమా వచ్చింది. అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకుపోయి ఉర్లగడ్డలు పండించుకొనేవాడి కథ. దాన్ని రాసిన ఆండీ వియర్ మొదట నవలను తన సొంత వెబ్‌సైటులో అధ్యాయం తరవాత అధ్యాయంగా ఉచితంగా పెట్టాడు. చదివినవాళ్లలో సైన్సు తెలిసినవాళ్లు "ఈ లెక్క తప్పు, ఈ రసాయనం ఇలా పనిచేయదు" అని ఉత్తరాలు రాశారు. ఆయన దిద్దుకున్నాడు. 2011లో కిండిల్‌లో డాలరు కూడా లేని ధరకు పెట్టాడు. 2014లో పెద్ద సంస్థ అచ్చు వేసింది, మరుసటి ఏడే రిడ్లీ స్కాట్ తీసిన బొమ్మ. పుస్తకం సొంతంగా వేసుకున్నదే, కానీ వందమంది పెన్సిళ్లు దాని మీద నడిచాయి. బ్రౌన్ దొర పండితుల్ని కూచోబెట్టి చేయించిన పనే ఇది, వేషం మారింది!

జేబు లెక్క

ఇక డబ్బు సంగతి. అయ్యవారూ నేనూ కాగితం మీద లెక్క వేశాం. మీరూ వేయండి.

500 కాపీలకు ఒక్కో దానికి 80 రూపాయలు పడిందనుకుందాం. అంటే 40,000. వెల 150 పెట్టారు. షాపువాడి కమిషను 40 శాతం పట్టుకుంటే చేతికొచ్చేది 90. చుట్టాలు, స్నేహితులు, సమీక్షకులు, వేదిక మీది పెద్దలు... వీళ్లకు ఊరికే ఇచ్చినవి ఒక వంద. మిగిలింది 400. అన్నీ అమ్ముడుపోయినా వచ్చేది 36,000. అంటే చివరి కాపీ వరకు అమ్మినా 4,000 నష్టం! పైగా ఆవిష్కరణ సభకు షామియానా, శాలువాలు, ఫలహారాలు వేరే. సినిమా భాషలో చెప్పాలంటే హౌస్‌ఫుల్ బోర్డు పెట్టి కూడా పోగొట్టుకున్న సినిమా.

ఇది నవ్వులాట కాదు. మహానటి సావిత్రి అంతటి ఆవిడ 'మూగమనసులు' కథను 'ప్రాప్తం' పేరుతో 1971లో తమిళంలో సొంతంగా తీసి ఎంత దెబ్బతిన్నదో మీకు తెలుసు. ఇక్కడ ఒక ఇంటి బోరు డబ్బు అది. అందుకే ఆ ఇల్లాలి ప్రశ్నకు నేను నవ్వలేకపోయాను.

దారులు లేకపోలేదు. ధార్మిక గ్రంథాలకు తిరుమల తిరుపతి దేవస్థానం, సాహిత్యానికి తెలుగు విశ్వవిద్యాలయం అచ్చుకు ఆర్థిక సహాయం చేసిన పుస్తకాలు మనం చూస్తూనే ఉన్నాం. ఇప్పుడు కావలసినన్ని కాపీలే, అడిగినప్పుడే అచ్చు వేసే యంత్రాలొచ్చాయి, మంచం కింద అట్టపెట్టెలతో పని తగ్గింది. ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో రచయితకు డబ్బు కట్టకుండానే దొరుకుతుంది. కాకపోతే అది పుస్తకానికి ఆధార్ నంబరు లాంటిది, మనిషి మంచివాడా కాదా అన్నది అందులో ఉండదు. ఎవరైనా 'నంబరు ఇప్పిస్తాం, అవార్డు ఇప్పిస్తాం, ఇంత కట్టండి' అంటే జేబు మీద చెయ్యి వేసుకోండి.

పోటీల దారి కూడా ఉంది. 1899లో రామలింగారెడ్డికి దొరికిన దారే. ఈ అనంతపురం రచయితే బండి నారాయణస్వామి. హండె రాజుల నాటి సీమ బతుకు మీద ఆయన రాసిన 'శప్తభూమి' అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా 2017లో పెట్టిన నవలల పోటీలో బహుమతి పొంది వెలుగులోకి వచ్చింది. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది. ఏ వ్యాపార సంస్థ ముద్రా అక్కర్లేకపోయింది.

చివరికి ఏం తేలింది?

అయ్యవారికి నేను చెప్పింది ఇంతే. "సార్, ముందు బోరు సంగతి అమ్మగారి ఇష్టానికి వదిలేయండి. నవల జెరాక్సు తీసి ముగ్గురికివ్వండి. ఒకరు మిమ్మల్ని ఎరగనివాళ్లు, ఒకరు ఇరవై ఏళ్ల లోపు వాళ్లు, ఒకరు మీతో ఎప్పుడూ పేచీ పడేవాళ్లు. ముగ్గురి చేతికీ పెన్సిలివ్వండి. ముందుమాట ఒక్కటీ వద్దు. తరవాత వంద కాపీలే వేద్దాం."

ఆయన కాసేపు ఆలోచించారు. "పేచీ పడేవాళ్లంటే వేరే ఎందుకప్పా, ఇంట్లోనే ఉంది" అన్నారు. లోపలినుంచి జవాబు వచ్చింది: "నాకిస్తే సగం కొట్టేస్తా. చెప్తాండా!"

ఆమెకే మొదటి ప్రతి ఇచ్చారని తరవాత తెలిసింది. నలభై పేజీలు కొట్టేసిందట. అయ్యవారు రెండురోజులు మాట్లాడలేదట, మూడోరోజు కూచొని ముప్పై నాలుగు పేజీల వరకు ఒప్పుకున్నారట. మిగిలిన ఆరు పేజీల మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. బోరు ఈ ఏడు లేదు, వచ్చే ఏడు చూస్తామంటున్నారు. ఎంతైనా చెరువు కట్ట ఊరు కదా, ఓపిక ఎక్కువ.

ఇక మీ వంతు. మీరు మొదటి ఆటకు మొదటి రోజే పోయేవాళ్లు. పోస్టరు మీద ఎవరి పేరున్నా, ఇంటర్వెల్ దాకా కూచొని ఆ తరవాతే తీర్పు చెప్పే అలవాటున్న జనం. బస్టాండులోనో, పుస్తకాల ఎగ్జిబిషనులోనో ఒక మూల చిన్న బల్ల వేసుకొని తన పుస్తకం తానే అమ్ముకునే మనిషి కనిపిస్తే, వెనకట్ట చూడకండి. ముందుమాటలూ వద్దు. మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరిచి నిలబడి చదవండి. బాగుంటే కొనండి. బాగలేకపోతే ఎందుకు బాగలేదో ఆయన మొహానే చెప్పి రండి. ఉచితంగా ఇస్తానంటే మాత్రం తీసుకోకండి. టిక్కెట్టు కొనకుండా సినిమా చూసినవాడికి బాగలేదనే హక్కు ఎక్కడిది?